బడి పూజ బడిలోనే జరగనివ్వండి

మా ఊరి బడి ఉత్సవ కమిటీ పెద్దలకు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులకు, ఆ బడిలో చదువుకుని ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు,

నమస్కారం.

నేను పెద్దవీధి ఆడపిల్లని. పెళ్లయి విశాఖలో ఉంటున్నా, ఉద్దానంలో మన ఊరి మట్టి మీద పుట్టినదాన్నే. కమిటీలో నాకు చిన్నాన్న వరస వాళ్లున్నారు, మావయ్య వరస వాళ్లున్నారు, నాతో పాటు బెంచీ మీద కూర్చుని ఎక్కాలు చదివిన వాళ్లూ ఉన్నారు. మీలో ఎవరి మీదా నాకు కోపం లేదు. ఇంటికొచ్చి చెప్పాల్సిన మాట ఇలా నలుగురిలో రాయడానికి కారణం ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దలకి ఈ మాట చెప్పాను. "సరేనమ్మా, చూద్దాం" అన్నారు. మర్నాడే టెంట్ హౌస్‌కి అడ్వాన్సు ఇచ్చేశారని తెలిసింది. మాఘ శుద్ధ పంచమికి ఇక ఎన్నో రోజులు లేవు.

వసంత పంచమి నాడు మన బడిలో జరిగే సరస్వతీ పూజ, దాంతో పాటు చేసే వార్షికోత్సవం, భోజనాలు, ఈసారి కూడా పోయిన ఏడాదిలాగే రామాలయం దగ్గరే పెట్టాలని మీరు నిర్ణయించారు. ఇక ముందు ఎప్పుడూ అక్కడే అని కూడా అనుకున్నారట. దయచేసి ఆ నిర్ణయం మార్చుకోండి. ఈ ఉత్తరం అడిగేది అదొక్కటే.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఆ రోజు ఎలా ఉండేదో ముందు గుర్తు చేయాలి. కమిటీలో ఇప్పుడున్న కుర్రాళ్లలో కొందరు అది చూడలేదు.

నేను 2000లో అయిదో తరగతి. పూజ రోజు తెల్లవారకుండానే మామిడాకుల కోసం తోటల మీద పడేవాళ్లం. ఆడపిల్లలం వరండా కడిగి, పిండితో ముగ్గు పెట్టేవాళ్లం. మాస్టారు బీరువా తాళం తీసి సరస్వతమ్మ పటం బయటికి తీసేవారు. ఏడాదంతా హాజరు పట్టీల కిందే ఉండేది ఆ పటం. అద్దం మీద వీణ మీదుగా ఒక చీలిక. ఆ చీలిక మీద చీమలు పాకుతుంటే ఒకడు ఊదేవాడు, మాస్టారు వాడి నెత్తి మీద మెల్లగా మొట్టేవారు. పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసే పని అయిదో తరగతి వాళ్లది. ఆ ఏడాది ఆ పని నాకూ, కాలనీలోని నా నేస్తానికీ పడింది. నేను చేసిన ముద్ద నిలబడలేదు, పక్కకి ఒరిగిపోయింది. నీళ్లెక్కువ పోశానని చెప్పి తను ఇంకాస్త పసుపు కలిపి గట్టిగా చేసింది. ఆ వినాయకుడికే మాస్టారు మొదటి అక్షతలు వేశారు.

ఎవరి పలక వాళ్లే తెచ్చి పటం ముందు పెట్టాలి. ఎవరి పలక పైన ఉంటే వాళ్లకి చదువు బాగా వస్తుందని మాకొక నమ్మకం. అందుకని మాస్టారు అటు తిరగ్గానే కింది పలకలు పైకి, పై పలకలు కిందికి మారిపోయేవి. నా నేస్తం పలకకి ఒక మూల విరిగి ఉండేది, కొయ్య చట్రం కూడా లేదు. చివరికి అదే అన్నిటికన్నా పైన ఉంది, ఎవరు పెట్టారో మరి. మాస్టారు దానికీ అందరి పలకల్లాగే పసుపు రాసి బొట్టు పెట్టారు. తర్వాత ఆయన ఒక్కో ముక్క చెబుతుంటే "సరస్వతీ నమస్తుభ్యం" అని అందరం అరిచేవాళ్లం. పదో తరగతికి వచ్చిన పాత పిల్లలు టెక్కలి నుంచో పలాస నుంచో సైకిళ్ల మీద వచ్చి పెన్నులు, హాల్‌టికెట్లు అమ్మవారి పాదాల దగ్గర పెట్టి దండం పెట్టుకుని పోయేవారు.

ఆ తర్వాత చంటిపిల్లల అక్షరాభ్యాసం. నాకు ఇప్పటికీ కళ్లముందు ఆడేది ఇదే. ఒకటే ఇత్తడి పళ్లెం, అందులో బియ్యం. తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని వరసగా వచ్చేవారు. మాస్టారు పిల్లవాడి వేలు పట్టుకుని ఆ బియ్యంలో ఓం నమః శివాయ అని రాయించేవారు, చేత్తో సవరించి మళ్లీ తర్వాతి పిల్లకి రాయించేవారు. పెద్దవీధి పిల్లల తర్వాత కిందవీధి వాళ్లని, వాళ్ల తర్వాత కాలనీ వాళ్లని వరస లేదు. ఏడ్చే పిల్లలకి ముందు, నిద్రపోయే పిల్లలకి చివర. అంతా అయ్యాక ఆ పళ్లెంలో బియ్యం తీసుకెళ్లి పరమాన్నం డేగిసాలో పోసేవారు. ఊళ్లో పిల్లలందరి వేళ్లూ తిరిగిన ఆ బియ్యమే ఉడికి బెల్లం కలిసి అందరి విస్తళ్లలోకీ వచ్చేది. ఎవరూ మొహం తిప్పుకోవడం నేను చూడలేదు. మా నాయనమ్మ చాలా పట్టింపు మనిషి. కాలనీ వాళ్లు వచ్చి వెళ్తే గుమ్మంలో నీళ్లు చల్లించేది. ఆవిడ కూడా ఆ పరమాన్నం కళ్లకద్దుకుని తిన్నది. "సరస్వతమ్మ ప్రసాదం కదే" అనేది.

భోజనాలు బడి ఆవరణలోనే. అడ్డాకుల విస్తర్లు. పిల్లలు తరగతి ప్రకారం కూర్చునేవారు, ఒకటో తరగతి గోడ పక్కన, అయిదో తరగతి బావి వైపు. మొదటి బంతి పిల్లలది. ఎంత పెద్దమనిషి వచ్చినా సరే, పిల్లలు లేచాకే. ఎవరు పెట్టిన ఆనవాయితీయో నాకు తెలియదు, నేను బడిలో చేరేసరికే ఉంది.

ఇక పోయిన ఏడాది.

బడి దగ్గర ఇరుకుగా ఉంటోందని, మైకు కరెంటుకి గుడి దగ్గరైతే వీలుగా ఉంటుందని మొదటిసారి రామాలయం ముందు షామియానా వేశారు. నేను మా అబ్బాయిని తీసుకుని వచ్చాను. పూజ గర్భగుడి ముందు జరిగింది. అక్షరాభ్యాసానికి ఎవరింటి పళ్లెం వాళ్లు, ఎవరింటి బియ్యం వాళ్లు తెచ్చుకున్నారు. అప్పటికే నాకు ఏదో వెలితిగా అనిపించింది గానీ పట్టించుకోలేదు. దాతలకి, అతిథులకి శాలువాలు కప్పారు. తర్వాత భోజనాలన్నారు. నన్ను చూసి, "రా అమ్మా, ఆడపడుచువి, మొదటి బంతిలో కూర్చో" అని చిన్నాన్న పిలిచాడు. కూర్చున్నాను. పులిహోర, చక్కెర పొంగలి, వడ, లేత పనసకాయ కూర. కడుపునిండా తిన్నాను.

చేయి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తే అప్పుడు చూశాను. కాలనీ పిల్లలు ఇరవై మంది దాకా గేటు బయట, ఉత్సవ పల్లకీ ఉండే షెడ్డు పక్కన నీడలో నిలబడి ఉన్నారు. బడి యూనిఫాం వేసుకుని, తల దువ్వుకుని, బొట్లు పెట్టుకుని. వాళ్లకి రెండో బంతి అని ఎవరో చెప్పారట. వాళ్లు కూర్చునేసరికి పులిహోర గిన్నె గరిటెతో గీకుతున్నారు. పొంగలి లేదు. వడ లేదు. అన్నం, సాంబారు, మజ్జిగ వచ్చాయి. నా నేస్తం కూతురు మూడో తరగతి చదువుతోంది. ప్లాస్టిక్ పూత వేసిన ఆ కాగితపు ప్లేటులోకి చూసి తల్లిని అడిగింది, "పులిహోర ఉంటాది అన్నావు కదే అమ్మా?" నా నేస్తం చెంగుతో దాని మూతి తుడిచి అన్నది: "అయిపోనాది. రేపు బడిలో గుడ్డెడతాను కదే, తిను."

నా నేస్తం మన బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఈ ఊరి పిల్లలందరికీ రోజూ అన్నం పెట్టేది ఆవిడే. మీ పిల్లలకి కూడా.

ఆవిడ నన్ను చూసింది. నవ్వింది. నేను నవ్వలేకపోయాను. దగ్గరికి వెళ్లి మాట్లాడను కూడా లేదు. అబ్బాయిని తీసుకుని కారెక్కి వచ్చేశాను. నేను చేసిన తప్పు అది. ఈ ఉత్తరం పోయిన ఏడాదే రాయాల్సింది.

ఆ పిల్లల్ని ఎవరో కావాలని బయట నిలబెట్టారని నేను అనను. అడిగితే మీరందరూ "అయ్యో, అలా జరిగిందా" అనే అంటారు, ఆ మాట నిజమే అని కూడా నమ్ముతాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. గుడి ముందు మనుషులు కూర్చునే తీరు మన తాతల నాటి నుంచి వస్తోంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరి కాళ్లు ఎక్కడ ఆగాలో ఆ కాళ్లకే తెలుసు. గుడి దగ్గర వరస వీధిని బట్టి పడుతుంది. బడిలో వరస తరగతిని బట్టి పడుతుంది. పూజ ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారిస్తే ఆ వరస కూడా మారిపోతుందని మనం అనుకోలేదు, అంతే. అనుకోకుండా జరిగిపోయింది. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇకపై అనుకోకుండా జరిగిందని అనలేం.

గుడి అంటే నాకు గిట్టదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. రథసప్తమికి అర్ధరాత్రి నుంచి అరసవల్లి క్యూలో నిలబడే మనిషిని నేను. మా అమ్మ ఇంద్రపుష్కరిణి దగ్గర పిడకల మీద పరమాన్నం వండుతుంటే చెరుకు ముక్కలు అందించినదాన్ని. పంచమి నాడు బడి, సప్తమి నాడు అరసవల్లి, మా ఇంట్లో మాఘమాసం అంటే ఈ రెండే. అరసవల్లి క్యూలో నా ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో ఏ రోజూ నేను అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. మన ఊరి రామాలయం కూడా అలా అయిన రోజున ఈ పూజ అక్కడ చేసినా నాకు అభ్యంతరం లేదు. ఆలయ ప్రవేశం గురించి మద్రాసు ప్రభుత్వం 1947లోనే చట్టం చేసింది. మన శ్రీకాకుళం జిల్లా ఆ తర్వాత, 1950లో, విశాఖ నుంచి విడిపడి పుట్టింది. అంటే ఈ జిల్లా కన్నా ఆ చట్టం వయసే ఎక్కువ. ఈ రోజు మన గుడిలోకి ఎవరినీ రావద్దని ఎవరూ అనరు. అయినా కాలనీ ఆడవాళ్లు హారతి గేటు దగ్గరే తీసుకుని వెళ్లిపోవడం మీరూ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. అది మారాలి, అందుకు వేరే ప్రయత్నం చేయాలి. అది మారేదాకా పిల్లల పండుగని అక్కడ పెట్టొద్దు.

ఇప్పుడు మీరు చెప్పిన కారణానికి వస్తాను. పోయిన ఏడాది ఇరుకు అన్నారు. ఈ ఏడాది చెబుతున్న కారణం వేరు: ప్రభుత్వ బడిలో పూజ చేస్తే ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని హెడ్మాస్టరు గారికి టెన్షన్‌గా ఉంది, అందుకే గుడికి మార్చాం అంటున్నారు. ఈ కారణాన్ని నేను తేలిగ్గా తీసేయడం లేదు. ఆయన భయం న్యాయమైనదే. ఉద్యోగం చేసుకునే మనిషి.

రాజ్యాంగంలో 28వ అధికరణం ఉంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదని అందులో ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గానీ, ప్రభుత్వ సాయం పొందే బడిలో గానీ మతబోధనకో ఆరాధనకో హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని, చిన్నపిల్లలైతే వాళ్ల సంరక్షకుల అంగీకారం ఉండాలని కూడా ఉంది. మంచి మాటలే కదా ఇవి. మన ఊరికి కొత్త మాటలు కూడా కావు. మా రోజుల్లోనే కాలనీలో ఆదివారం ప్రార్థనకి వెళ్లే ఇళ్లు రెండు మూడు ఉండేవి. ఒకావిడ పూజకి ముందు రోజు బడికొచ్చి, "మా వోడికి బొట్టెట్టకండి బాబూ" అని మాస్టారుతో చెప్పింది. "అలాగేనమ్మా, వాణ్ని ఏ టైముకి పంపుతావు?" అని మాత్రం ఆయన అడిగారు. ఆ అబ్బాయికి సాయంత్రం సభలో స్వాగతం చదివే పని ఇచ్చారు. వాడి గొంతు గంటలా ఉండేది. పూజ అయ్యాక వచ్చాడు, మాతో పాటు మొదటి బంతిలో తిన్నాడు, సాయంత్రం స్వాగతం చదివాడు. ఆ మాస్టారు ఏ అధికరణం చదివారో నాకు తెలియదు. చేయాల్సిన పని మాత్రం చేశారు.

కాబట్టి ఇలా చేద్దాం. పూజ ఊరిది, బడి పాఠం కాదు. పొద్దున్నే బడి గంట కొట్టకముందే ఊరి తరఫున చేద్దాం. టీచర్లెవరూ నిర్వహించక్కర్లేదు, హాజరు వేయక్కర్లేదు. రావాలనుకున్న పిల్లలు తల్లిదండ్రులతో వస్తారు. రాని పిల్లల్ని ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. వార్షికోత్సవం, ఆటలు, భోజనం మాత్రం అందరివీ. పై అధికారులకి ఒక కాగితం రాసి అనుమతి అడుగుదాం. ఆ కాగితం నేను రాస్తాను, హెడ్మాస్టరు గారి పేరు లేకుండా ఊరి పేరుతో రాస్తాను. వాళ్లు బడి లోపల పూజ వద్దంటే, బడి గేటు ఎదురుగా ఉన్న పంచాయతీ స్థలంలో పందిరి వేసి పటం అక్కడ పెడదాం. భోజనాలు మాత్రం బడి ఆవరణలోనే, తరగతి ప్రకారమే. మన పూజారి గారిని కూడా అడిగాను. "బడికి రమ్మంటే బడికే వస్తానమ్మా, నాకేం" అన్నారు.

తిత్లీ తుపాను రోజులు మీకు గుర్తున్నాయా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మన తీరం దాటింది. ఆ రాత్రి మా నాన్న, అమ్మ కూడా ఆ బడిలోనే ఉన్నారు. పెద్దవీధిలో రేకుల ఇళ్ల వాళ్లు, కాలనీలో పాకల వాళ్లు అందరూ ఆ రెండు గదుల్లో, ఆ వరండాలో. బడి ముందున్న వేపచెట్టు వేళ్లతో సహా లేచిపోయింది. నేను మూడో రోజుకి గానీ ఊరు చేరలేకపోయాను, దారి పొడుగునా కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. వచ్చేసరికి వరండాలో పొయ్యి వెలుగుతోంది. ఎవరింట్లో తడవకుండా మిగిలిన బియ్యం వాళ్లు తెచ్చి ఒకే డేగిసాలో పోస్తున్నారు. కరెంటు లేదు, మోటార్లు లేవు, పడిపోయిన చెట్ల కొబ్బరినీళ్లే తాగడానికి. వడ్డించేది మా అమ్మ. ఆవిడ పక్కన అన్నం వార్చేది నా నేస్తం. అన్ని రోజులూ మా నాన్న ఆ అన్నమే తిన్నారు. ఆ రోజుల గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు గానీ ఆ అన్నం ఎవరు వండారన్నది ఎవరూ ఎత్తరు, ఎందుకంటే అప్పుడు అది లెక్కలోకే రాలేదు.

వంట సంగతి కూడా చెప్పేస్తాను. మా చిన్నప్పుడు బడిలో వంట లేదు, పిల్లకి నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. వంటమనుషుల నియామకంలో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఆ మాట వెనక ఉన్న ఆలోచన నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పిల్లలు ఒక చేతి వంట కలిసి తింటూ పెరిగితే పెద్దయ్యాక వాళ్లకి మన పట్టింపులు అంటవు. మన బడిలో అది రోజూ జరుగుతోంది. ఏడాదికి రెండు వందల పైచిలుకు రోజులు నా నేస్తం వండింది తిన్న పిల్లలు, పండుగ ఒక్కరోజు వేరే వంటమనిషిని పిలిపించి వండించిన తిండిని రెండు బంతుల్లో తింటున్నారు. ఆ ఒక్క రోజుతో పిల్లలు ఏం నేర్చుకుంటారో మీరే చెప్పండి.

బడి గోడ మీద గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటో ఉంది. ప్రతి ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి దండ వేస్తాం, మన జిల్లా మనిషి అని గర్వంగా చెప్పుకుంటాం. ఆయన అగ్రహారంలో కూర్చుని రాసిన మనిషి కాదు. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. కొండ మీద పిల్లలకి చదువు చెప్పడానికి నూరేళ్ల కిందట ఆయన అంత దూరం నడిచారు. కాలనీ మన బడికి రెండు వందల అడుగుల దూరం.

ఇంకో మాట, ఈ నిర్ణయం తీసుకున్న తీరు గురించి. మీటింగు రాత్రి ఎనిమిదింటికి రామాలయం అరుగు మీద పెట్టారు. ఆ అరుగు మీదికి ఆ టైములో ఏ తల్లి వస్తుంది? కాలనీ నుంచి ఎవరు వస్తారు? విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ల సంఖ్యకి తగిన చోటు ఉండాలి. మన కమిటీలో కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఆ సభ్యుల్లో కాలనీ తల్లులు ఇద్దరున్నారు. ఇద్దరినీ అడిగాను. పూజ ఎక్కడ పెట్టాలని వాళ్లని ఎవరూ అడగలేదు. మళ్లీ ఒకసారి మీటింగు పెట్టండి, బడిలో, మధ్యాహ్నం మూడు గంటలకి, పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లులు వచ్చే టైముకి. అప్పుడు కూడా అందరూ గుడి దగ్గరే అంటే నేను ఇక మాట్లాడను.

అతిథుల విషయం, సౌండు బాక్సుల విషయం నాకు అంత ముఖ్యం కాదు గానీ, పోయిన ఏడాది ఒక అతిథి కోసం పిల్లల్ని రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టారు. డ్యాన్సుకి వేషం వేసుకున్న పిల్లల మొహాల మీద పౌడరు చారలు కట్టింది. ఆయన రానే లేదు. ఈసారి ఎవరి కోసమూ ఆగకుండా మొదలుపెట్టండి. రాత్రి పది దాటాక మైకు పెట్టకూడదని నిబంధన ఎలాగూ ఉంది.

ఖర్చు గురించి మీకు దిగులు అక్కర్లేదు. షామియానా అడ్వాన్సు పోతే ఆ డబ్బు నేను ఇస్తాను. అడ్డాకుల విస్తర్లు నేను తెప్పిస్తాను, ఆ కాగితపు ప్లేట్లు వద్దు. ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలందరికీ కొత్త పలకలు తెస్తున్నాను. మనతో చదివిన వాళ్లు చెన్నైలో, హైదరాబాదులో, గల్ఫులో ఉన్నారు. ఈ ఉత్తరం చదివితే తలా కొంత వాళ్లే పంపుతారు. పంపకపోయినా సరే, పరమాన్నానికి పెద్ద ఖర్చేం కాదు.

నేను చేయలేని పని ఒకటుంది, అది మీరే చేయాలి. పరమాన్నం, పులిహోర ఈసారి నా నేస్తం చేత వండించండి. తోడుకి పెద్దవీధి ఆడవాళ్లు, కిందవీధి ఆడవాళ్లు వెళ్తారు, మా అమ్మ వెళ్తానంది, మోకాళ్లు నొప్పైనా సరే. కానీ నా నేస్తాన్ని నేను పిలిస్తే అది స్నేహం కొద్దీ పిలిచినట్టు అవుతుంది. ఊరు పిలవాలి. కమిటీ పెద్దల్లో ఒకరు కాలనీకి వెళ్లి, వాళ్ల గుమ్మం దగ్గర నిలబడి, బొట్టు పెట్టించి పిలవాలి, శుభకార్యానికి పిలిచినట్టు. నిన్న ఫోన్లో, "ఎవరైనా పిలిస్తే వెళ్తావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఎంతమందికి వండాల?"

చవితి నాడు సాయంత్రానికి నేను ఊళ్లో ఉంటాను. పటం అద్దం మార్పించడానికి కొలత కావాలి, హెడ్మాస్టరు గారు బీరువా తాళం ఎవరి చేతైనా ఇచ్చి ఉంచితే మేలు.

ఇట్లు,
మీ ఊరి ఆడపడుచు